పానిక్ అటాక్ అనుకున్నది ఫిట్స్ కావచ్చా: నా అనుభవం

పానిక్ అటాక్, అంటే ఉన్నట్టుండి ముంచెత్తే తీవ్ర భయం, అని నేను అనుకున్నవాటిలో కొన్ని ఒకటిన్నర, రెండు నిమిషాలకు మించి ఉండేవి కావు. పొట్ట అడుగున ఏదో కదిలి, పైకి ఎగదన్నుకొచ్చి, ఛాతీ దాటి గొంతు దాకా చేరేది. అది గొంతు చేరేలోపే ఏ కారణమూ లేని భయం నిలువెల్లా ఆవరించేది. ఇప్పుడు ఇక్కడ జరుగుతున్నదంతా ఇంతకుముందు ఒకసారి అచ్చం ఇలాగే జరిగిందన్న నమ్మకం, వాదించడానికి వీల్లేనంత గట్టిగా, మనసును పట్టేసేది. కొన్నిసార్లు కాలిన రబ్బరు వాసన వచ్చేది; పక్కనున్న వాళ్లకు అలాంటి వాసనేదీ తెలిసేది కాదు. ఎదుటివాళ్ల మాటలు చెవిన పడుతూనే ఉండేవి గాని వాటి అర్థం నాకు అందేది కాదు. కాసేపటికి అంతా దానంతటదే విడిచిపోయేది. ఆ తర్వాత చాలాసేపు తలనొప్పి, మగత, తెలిసిన మాట కోసం తడుముకోవడం మాత్రం మిగిలేవి.

ఈ లక్షణాలతో నేను మొదట వెళ్లింది సైకియాట్రిస్ట్ దగ్గరికి. అది సరైన నిర్ణయమేనని ఇప్పటికీ అనుకుంటున్నాను, ఎందుకంటే ఆ రోజుల్లో నన్ను ఎక్కువగా బాధిస్తున్నవి భయమూ, దానికి తోడైన దిగులూ. పరీక్షించి పానిక్ డిజార్డర్ అన్నారు. కొన్నాళ్లకు డిప్రెషన్ అన్న మాట కూడా చేరింది. వాసన సంగతి చెప్పినప్పుడు అది భ్రమల కిందికి వస్తుందేమోనని మరో మందు ప్రస్తావన వచ్చింది. డిప్రెషన్‌కు ఇచ్చిన సెర్ట్రాలిన్ అనే మందు వల్ల దిగులు నిజంగానే తగ్గింది, ఆకలి, నిద్ర కుదుటపడ్డాయి. అవసరమైనప్పుడు వేసుకోమని ఇచ్చిన క్లోనజెపామ్ వాడిన రోజుల్లో ఆ భయం రావడం కూడా తగ్గింది కాబట్టి, చికిత్స సరైన దారిలోనే ఉందని ఇంట్లో అందరికీ అనిపించింది. క్లోనజెపామ్ ఆందోళనను తగ్గించే మందు మాత్రమే కాదు, ఫిట్స్‌ను అణచే మందు కూడా. అది పనిచేసినంత మాత్రాన జబ్బు ఏదో తేలిపోదన్న సంగతి నాకు చాలా తర్వాత ఒక న్యూరాలజిస్ట్ చెబితే తెలిసింది.

అనుమానం మొదలైంది కౌన్సెలింగ్‌లో. నాకు థెరపీ చేస్తున్న సైకాలజిస్ట్ ఊపిరిని నెమ్మదింపజేసుకోవడం, వస్తున్నది భయమేనని గుర్తుపట్టడం, అది పతాక స్థాయికి చేరి మళ్లీ దిగిపోతుందని మనసుకు చెప్పుకోవడం నేర్పించారు. కొన్నిసార్లు ఆ పద్ధతి ఎంతో బాగా పనిచేసేది. మరికొన్నిసార్లు మొదటి ఊపిరి తీసుకునేలోపే అంతా అయిపోయేది. ఈ తేడాను నేను మామూలుగా చెప్పుకుపోతుంటే ఆవిడ మధ్యలో ఆపి అన్నారు: “మీరు ఒకే పేరుతో రెండు వేర్వేరు సంగతులు చెబుతున్నట్టున్నారు. ఒకటి మెల్లగా పెరిగి, కొన్ని నిమిషాల్లో పూర్తి స్థాయికి వెళ్లి, అరగంటకు దిగుతోంది. రెండోది సెకన్లలో పూర్తిగా వచ్చేస్తోంది, అంతే త్వరగా పోతోంది, ప్రతిసారీ ఒకే వరసలో వస్తోంది. ఈ రెండోదాన్ని ఒకసారి న్యూరాలజిస్ట్‌కు చూపిస్తే నాకు తృప్తిగా ఉంటుంది.” అవి నన్ను నిద్రలోంచి లేపడం కూడా ఆవిడకు అనుమానం కలిగించింది. నిద్రలో పానిక్ రాకపోదు గాని, నిద్రలోనూ మెలకువలోనూ ఒకే లక్షణాలు, ఒకే వరస అన్నది ఆలోచించవలసిన విషయమేనన్నారు.

ఇంటికి వచ్చి ఈ మాట అక్కతో చెప్పాను. అక్క కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “నీకు చెబితే బాధపడతావని చెప్పలేదే. ఆ మధ్య నువ్వు మంచం మీద కూర్చుని ఉంటే పిలిచాను. నా వైపే చూశావు గాని పలకలేదు. దుప్పటి అంచు పట్టుకుని వేళ్లతో నలుపుతూనే ఉన్నావు, నోట్లో ఏదో ఉన్నట్టు చప్పరిస్తున్నావు. నా మీద కోపమొచ్చిందేమో అనుకుని ఊరుకున్నాను,” అంది. పొట్టలో కదలిక మొదలైన క్షణం నాకు గుర్తుంది. అక్క పిలవడం గుర్తు లేదు, దుప్పటి గుర్తు లేదు. నాకు స్పృహ ఉన్నట్టే అనిపించిన ఆ రెండు నిమిషాల్లో కొంత భాగం నా దగ్గర లేనే లేదని అప్పుడు తెలిసింది. పానిక్‌లో మనిషికి ఎంత భయం వేసినా, తనను ఎవరు పిలిచారో, తాను ఏం చేశాడో సాధారణంగా తర్వాత చెప్పగలుగుతాడు.

ఫిట్స్ అంటే కింద పడి, కాళ్లూ చేతులూ కొట్టుకుని, నోట నురగ రావడమేనని చాలామంది అనుకుంటారు. అది ఫిట్స్‌లో ఒక రకం మాత్రమే. మెదడులో ఏదో ఒక చోట నాడీకణాలు కట్టు తప్పి ఒకేసారి విద్యుత్ సంకేతాలు వెలువరించడం వల్ల ఫిట్ వస్తుంది. ఆ చోటు ఏ పని చేసేదైతే లక్షణం కూడా ఆ పనికి సంబంధించినదిగానే ఉంటుంది. చేతిని కదిలించే భాగంలో మొదలైతే చెయ్యి అదురుతుంది. కణతల లోపలి వైపు ఉండే టెంపోరల్ లోబ్‌లో మొదలైతే, అక్కడే భయాన్ని పుట్టించే అమిగ్డలా, జ్ఞాపకాలను నడిపే హిప్పోక్యాంపస్, వాసనకు సంబంధించిన ప్రాంతం పక్కపక్కనే ఉన్నందువల్ల, బయటికి కనిపించేదంతా మనసుకు సంబంధించిన లక్షణంలాగే ఉంటుంది. అకారణ భయం, ఇదంతా ఇంతకుముందే జరిగిందనిపించే డెజా వూ, లేని వాసన, చుట్టూ ఉన్నదంతా నిజం కాదన్న భావన, పొట్టలోంచి పైకి ఎగదన్నే అనుభూతి, ఇవన్నీ ఆ ఒక్క చోటి నుంచే రావచ్చు. మూర్ఛవ్యాధి మీద పనిచేసే అంతర్జాతీయ సంఘం 2017లో చేసిన వర్గీకరణలో, మెదడులో ఒక చోట మొదలయ్యే ఇలాంటి ఫిట్స్‌ను స్పృహ నిలిచేవి, స్పృహ చెదిరేవి అని విడదీశారు. అక్క చెప్పినదాన్ని బట్టి నాకు మొదటి రకంగా మొదలై రెండో రకంగా మారుతున్నాయని ఆ తర్వాత డాక్టర్లు వివరించారు.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతేమీ కాదు. జాన్ హ్యూలింగ్స్ జాక్సన్ అనే బ్రిటిష్ న్యూరాలజిస్ట్ 1880లలోనే ఇలాంటి ఫిట్స్‌ను స్వప్నావస్థ వంటివని వర్ణించారు. ఆయన 1888లో రాసిన వ్యాసంలోని ఒక రోగి స్వయంగా డాక్టరు. ఆ డాక్టరు తనకు ఫిట్ వస్తున్న సమయంలోనే ఒక రోగిని పరీక్షించి, న్యుమోనియా అని రాసి, తర్వాత ఆ రాసిన సంగతే గుర్తులేక, మళ్లీ పరీక్షించి చూస్తే ఆ నిర్ధారణ సరైనదేనని తేలింది. ఆయన మరణించాక 1898లో జాక్సన్ ప్రచురించిన వివరాల ప్రకారం, టెంపోరల్ లోబ్ లోపలి వైపు మెత్తబడిన చిన్న మచ్చ కనిపించింది. ఈ వృత్తాంతం నాకు ఎంతో ధైర్యాన్నిచ్చింది, ఎందుకంటే జాక్సన్‌కు ఆధారమైనది ఏ యంత్రమూ కాదు. తనకు వస్తున్నదాన్ని ఓపికగా, ఉన్నది ఉన్నట్టుగా రాసిపెట్టుకున్న ఆ రోగి మాటలు. మనిషి మెదడు నుంచి మొదటి ఈఈజీని, అంటే మెదడులోని విద్యుత్ అలలను గీతలుగా చూపే పరీక్షను, హాన్స్ బెర్గర్ తీసింది 1924లో, ప్రచురించింది 1929లో. అంతకు ఎన్నో ఏళ్ల ముందే వర్ణన ఒక్కదానితో రోగం దాకా వెళ్లగలిగారు.

ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పాలి. ఇది ఫిట్స్ అయితే బాగుండునని నాకు బలంగా అనిపించింది. మానసిక సమస్య అంటే నా బలహీనత అన్నట్టుగా చూసినవాళ్లే, మెదడులో ఒక మచ్చ ఉందంటే జాలిగా చూస్తారని, నాకు నేను కూడా కొంత క్షమించుకోగలుగుతానని ఆశ పుట్టింది. ఈ ఆశ సహజమైనదే గాని చాలా జాగ్రత్తగా చూసుకోవలసినది కూడా. డాక్టరు అడిగే ప్రతి ప్రశ్నకూ జవాబును అది తన వైపు లాక్కుంటుంది. “మీకు తర్వాత అయోమయంగా ఉంటుందా?” అని అడిగితే, చదివినది గుర్తుకు వచ్చి ఔననాలనిపిస్తుంది. మరోవైపు, మూర్ఛ అని తేలితే ఉద్యోగం, డ్రైవింగ్, పిల్లల విషయం ఏమవుతాయోనన్న భయం కాదనమంటుంది. ఈ రెండింటి మధ్య నిజం చెప్పాలంటే ముందుగా రాసిపెట్టుకోవడమే దారి అని నిశ్చయించుకుని, జబ్బు గురించి ఇంకా చదవడం ఆపేసి, ఒక నోట్‌బుక్ మొదలుపెట్టాను.

ఆ నోట్‌బుక్‌లో రోగం పేర్లేవీ రాయలేదు. ఎప్పుడు వచ్చింది, ముందు రాత్రి ఎంత నిద్రపోయాను, నెలసరికి ఎంత ముందు, అన్నిటికంటే ముందు ఏ లక్షణం మొదలైంది, ఎంతసేపు ఉంది, మాట్లాడగలిగానా, తర్వాత ఎలా ఉన్నాను అన్నవే రాశాను. సమయం విషయంలో నా అంచనాను నమ్మకుండా, పక్కనున్న వాళ్లను గడియారం చూడమన్నాను. భయంలో ఒక నిమిషం పది నిమిషాల్లా అనిపిస్తుంది. అక్కకు మరో పని అప్పగించాను. ఆ స్థితి వచ్చినట్టు కనిపిస్తే ఫోన్‌లో వీడియో తీయాలి, నా ముఖంతో పాటు చేతులు కూడా కనపడేలా తీయాలి, నాకు ఒక మాట చెప్పి గుర్తుంచుకోమనాలి, తేరుకున్నాక ఆ మాట అడగాలి. ఒక వీడియోలో అక్క “నీలం గొడుగు” అని రెండుసార్లు చెప్పడం వినపడుతుంది. నేను ఆమె వైపు చూస్తూనే, కుడిచెయ్యి కదలకుండా ఉంచి ఎడమ చేత్తో చొక్కా గుండీని నలుపుతూ ఉన్నాను. తేరుకున్నాక ఏ మాట చెప్పానని అడిగితే, “ఏమైనా చెప్పావా?” అన్నాను.

రాస్తూ పోగా కొన్ని సంగతులు వాటంతట అవే కనపడ్డాయి. చిన్నవి, అంటే రెండు నిమిషాల్లో పోయేవి, నెలసరికి ముందు, నిద్ర చాలని రోజుల్లో గుంపుగా వచ్చేవి. ఈస్ట్రోజెన్ నాడీకణాలను ఉద్రేకపరచే వైపు, ప్రొజెస్టెరాన్ శాంతపరచే వైపు పనిచేస్తాయి కాబట్టి, నెలసరి దగ్గరపడి ప్రొజెస్టెరాన్ పడిపోయినప్పుడు కొందరు స్త్రీలలో ఫిట్స్ ఎక్కువవుతాయి. నెలసరికి ముందు చిరాకు, దిగులు ఎక్కువవడం మానసిక సమస్యల్లోనూ ఉంటుంది గనుక ఈ ఒక్కదానితో ఏమీ తేలదు. పెద్దవి, అంటే అరగంట ఉండేవి, ఎక్కువగా ఏదో ఒక గొడవ తర్వాతో, చిన్నది వచ్చి వెళ్లాక మళ్లీ వస్తుందేమోనన్న భయంతోనో వచ్చేవి. నా దిగులు మాత్రం వారాల తరబడి ఉండేది. రోజుల తరబడి, వారాల తరబడి ఎడతెగకుండా ఉండే దిగులునో, వినపడే గొంతులనో ఫిట్ అనడం సాధారణంగా కుదరదని తర్వాత డాక్టరు స్పష్టంగా చెప్పారు. ఫిట్‌కు మొదలూ చివరా ఉంటాయి. వరసగా ఫిట్స్ వచ్చాక ఒకటి రెండు రోజులు మామూలుగా ఉండి, ఆ తర్వాత సైకోసిస్, అంటే ఏది నిజమో తెలియని స్థితి, రావడం అన్నది మాత్రం మూర్ఛవ్యాధిలో తెలిసిన విషయమేనని, అందుకే తేదీలు ముఖ్యమని అన్నారు.

మొదట చూసిన న్యూరాలజిస్ట్ నా పాత ప్రిస్క్రిప్షన్లు చూశారు, ఈఈజీ రాయించారు, అందులో ఏమీ లేదన్నారు. “అంతా నార్మల్. ఇది మనసుకు సంబంధించినదే, అనవసరంగా ఆలోచించకండి,” అని పంపించేశారు. నోట్‌బుక్ తెరిచే అవకాశం రాలేదు. నాకు ఆయన మీద కోపం కంటే, అక్కడితో విషయం ముగిసిపోయిందని ఇంట్లో వాళ్లు ఊపిరి పీల్చుకోవడం ఎక్కువ కష్టంగా తోచింది. నా సైకాలజిస్ట్ ఒప్పుకోలేదు. సైకియాట్రిస్ట్ కూడా, ఆ వీడియో చూశాక, మూర్ఛవ్యాధి మీదే ప్రత్యేకంగా పనిచేసే మరో న్యూరాలజిస్ట్‌కు తానే స్వయంగా ఉత్తరం రాశారు. నా విషయంలో తలుపు తెరిచింది మానసిక వైద్య రంగం వారేనన్నది నేను ఎక్కడైనా గట్టిగా చెబుతాను.

ఆ రెండో న్యూరాలజిస్ట్ ఈఈజీ గురించి చెప్పిన మాటలు ఇలాంటి అనుమానం ఉన్న ప్రతి ఒక్కరికీ తెలియాలి. ఇరవై ముప్పై నిమిషాల మామూలు ఈఈజీ మెదడు జీవితంలో ఒక చిన్న ముక్కను మాత్రమే చూస్తుంది. మూర్ఛవ్యాధి ఉన్నవాళ్లలోనే మొదటి ఈఈజీలో దాని గుర్తులు కనిపించేది సుమారు సగం మందిలో, కొన్ని లెక్కల్లో అంతకంటే తక్కువ మందిలో. నిద్ర తగ్గించి, నిద్రపోతున్నప్పుడు, మళ్లీ మళ్లీ తీస్తే ఆ అవకాశం పెరుగుతుంది. తల చర్మం మీద అతికించిన ఎలక్ట్రోడ్లకు మెదడు పైపొరలో కొన్ని చదరపు సెంటీమీటర్ల మేర ఒకేసారి జరిగే అలజడి తప్ప చిన్నది అందదు. టెంపోరల్ లోబ్ లోపలి వైపు మొదలై అక్కడే ఆగిపోయే ఫిట్, అది వస్తున్న క్షణంలో తీసిన ఈఈజీలో కూడా కనపడకపోవచ్చు. కాబట్టి నార్మల్ అన్న రిపోర్టు మూర్ఛ లేదని చెప్పదు. ఆయన వెంటనే దీనికి రెండో వైపు కూడా చెప్పారు. ఏ జబ్బూ లేని కొద్దిమందిలో కూడా ఈఈజీలో అలాంటి గుర్తులు ఉంటాయి. హాని లేని కొన్ని మొనదేలిన అలలను మూర్ఛ గుర్తులుగా పొరబడి చదవడం వల్ల ఏళ్ల తరబడి అక్కర్లేని మందులు వాడినవాళ్లున్నారు. “రిపోర్టుకు వైద్యం చేయను, మీకు చేస్తాను. మొదట నోట్‌బుక్ చూపించండి,” అన్నారు.

నోట్‌బుక్ చదివాక ఆయన అడిగిన ప్రశ్నల్లో సగం, ఇది ఫిట్ కాకపోతే ఇంకేం కావచ్చు అన్నదాని గురించే. గుండె లయ తప్పడం వల్ల ఇలాంటివి రావచ్చని ఈసీజీ తీయించారు. రక్తంలో చక్కెర, సోడియం, థైరాయిడ్ చూశారు. మైగ్రేన్ ఉందా, మత్తు పదార్థాల అలవాటుందా అని అడిగారు. ఈ లక్షణాలన్నీ కొన్ని వారాల్లో ఒక్కసారిగా మొదలయ్యాయా, జ్ఞాపకశక్తి, ప్రవర్తన కూడా అదే సమయంలో మారాయా అని ప్రత్యేకంగా అడిగారు. 2007లో వర్ణించిన యాంటీ ఎన్‌ఎమ్‌డీఏ రిసెప్టర్ ఎన్‌కెఫలైటిస్ వంటి జబ్బుల్లో, శరీరం తన మెదడు మీదే దాడి చేసి, మొదట మానసిక వ్యాధిలాగే కనిపించి, తర్వాత ఫిట్స్ వస్తాయట. అదే అయితే ఒక్క రోజు కూడా ఆగకూడదన్నారు. నావి ఏళ్లుగా ఒకే తీరులో ఉన్నాయి కాబట్టి అది కాదనుకున్నారు. పసితనంలో జ్వరంతో ఫిట్స్ వచ్చాయా అని అడిగినప్పుడు నాకు తెలియదన్నాను. పక్కనే ఉన్న అమ్మ, “దానికి రెండేళ్లు కూడా నిండలేదండీ, ఒళ్లు కాలిపోతుంటే ఒక గంటసేపు ఆగకుండా వచ్చాయి. పెద్దయ్యాక మళ్లీ రాలేదు కదా అని ఎవరికీ చెప్పలేదు,” అంది. అలా సుదీర్ఘంగా వచ్చిన జ్వరపు ఫిట్స్‌కూ, తర్వాతి కాలంలో హిప్పోక్యాంపస్ గట్టిపడి కుంచించుకుపోవడానికీ సంబంధం ఉందని ఆయన వివరించారు.

అంతకుముందు తీసిన ఎమ్మారై నార్మల్‌గానే ఉంది. ఈసారి మూర్ఛవ్యాధి కోసం ప్రత్యేకంగా ఉండే పద్ధతిలో, హిప్పోక్యాంపస్‌కు అడ్డంగా పలుచని పొరలుగా తీయించారు. ఎడమ హిప్పోక్యాంపస్ కుడిదాని కంటే కొద్దిగా చిన్నదిగా, కొద్దిగా తెల్లగా ఉందని రిపోర్టు వచ్చింది. నేను అక్కడితో నిర్ధారణ అయిపోయిందనుకుని లేవబోయాను. ఆయన మాత్రం, మచ్చ ఉన్నంత మాత్రాన మీకు వచ్చేవన్నీ దాని నుంచే వస్తున్నాయని చెప్పలేమని, మీరు రెండు రకాలు రాశారు కాబట్టి రెండింటినీ పట్టుకోవాలని, వీడియో ఈఈజీకి ఆస్పత్రిలో చేరమన్నారు.

వీడియో ఈఈజీ గదిలో మంచానికి ఎదురుగా గోడ మీద కెమెరా ఉంటుంది. తల మీద ఇరవైకి పైగా చోట్ల చర్మాన్ని రుద్ది శుభ్రం చేసి, ఘాటైన వాసన వేసే జిగురుతో ఎలక్ట్రోడ్లు అతికించి, గాజుగుడ్డతో చుట్టేస్తారు. ఆ తీగలన్నీ ఒక చిన్న పెట్టెలోకి వెళతాయి, ఆ పెట్టెను భుజానికి తగిలించుకుని బాత్‌రూమ్ దాకా మాత్రం నడవవచ్చు. తల దురద పెడుతుంది గాని గోక్కోకూడదు. చేతికి అందేలా ఒక బటన్ ఉంటుంది. లక్షణం మొదలైనట్టు అనిపించగానే నొక్కాలి. నొక్కితే నర్సు పరుగున వచ్చి, పేరు అడిగి, చెయ్యి ఎత్తమని, ఒక మాట గుర్తుంచుకోమని చెబుతుంది. క్లోనజెపామ్‌ను ముందు నుంచే క్రమంగా తగ్గించారు. దాన్ని ఒక్కసారిగా ఆపితే ఆపడం వల్లే ఫిట్స్ రావచ్చు కాబట్టి, ఎవరూ ఇంట్లో సొంతంగా ఆ పని చేయకూడదని గట్టిగా చెప్పారు. రాత్రి సగం దాకా మెలకువగా ఉంచారు.

మొదట్లో ఏమీ రాలేదు. రాకూడదని ఇన్నేళ్లు కోరుకున్నదాని కోసం ఎదురుచూస్తూ పడుకోవడం చాలా కష్టంగా ఉంటుంది. రాకపోతే అంతా నేను ఊహించుకున్నదని అంటారేమోనన్న భయం పట్టుకుంది. ఆ భయంలోనే ఒక సాయంత్రం గుండె దడదడలాడి, ఊపిరి ఆడక, వేళ్లు తిమ్మిరెక్కి, చచ్చిపోతానేమోననిపించింది. బటన్ నొక్కాను. నర్సు చెప్పిన మాట గుర్తుంది, ఆమె అడిగినవన్నీ చెప్పగలిగాను, ఇరవై నిమిషాలకు తగ్గింది. తర్వాత ఒక తెల్లవారుజామున నిద్రలోంచి మెలకువ వచ్చింది, పొట్టలో కదలిక మొదలైంది, బటన్ మీద వేలు పెట్టడం గుర్తుంది. ఆ తర్వాత నర్సు నా చెయ్యి పట్టుకుని, “మీకు చెప్పిన మాటేమిటి?” అని అడగడం గుర్తుంది. నాకు మాట గుర్తురాలేదు సరికదా, ఎదురుగా చూపించిన పెన్నును ఏమంటారో కూడా నోటికి రాలేదు.

డాక్టరు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని రెండు రికార్డింగులూ చూపించారు. సాయంత్రంది నడుస్తున్నంతసేపూ తెర మీద గీతలు మెలకువలో ఉన్న మామూలు మెదడులాగే ఉన్నాయి. తెల్లవారుజామునదానిలో ఎడమ టెంపోరల్ ఎలక్ట్రోడ్ల దగ్గర, సెకనుకు ఐదారు చొప్పున ఒకే లయలో లేచే అలలు మొదలై, పెద్దవై, పక్క ఎలక్ట్రోడ్లకు పాకి, ఆగిపోయాయి. ఆగాక ఆ చోట గీతలు కాసేపు మందగించాయి. ఎడమ వైపు, మాటలు నడిచే వైపు కావడం వల్లే తర్వాత నాకు మాటలు దొరకడం లేదని, అలాంటప్పుడు ఫిట్ మొదలైన వైపు చెయ్యి నలుపుతుంటే అవతలి చెయ్యి బిగుసుకుపోయి ఉండటం టెంపోరల్ లోబ్ ఫిట్స్‌లో తరచుగా చూస్తామని, అక్క తీసిన వీడియోలోనూ అదే ఉందని అన్నారు. “మీ ప్రశ్నకు జవాబు ఔననీ, కాదనీ కూడా. చిన్నవి మూర్ఛ. పెద్దవి పానిక్. దిగులుకు దాని వైద్యం దానికి కావాలి,” అన్నారు.

ఇంతకాలం ఇదా, అదా అని అడుగుతూ వచ్చినదానికి రెండూ అన్న జవాబు వినడం మొదట నిరాశగానే తోచింది. ఆలోచించేకొద్దీ అదే న్యాయమైన జవాబుగా కనిపించింది. సెర్ట్రాలిన్ నాకు మేలు చేయడం, థెరపీ కొన్నిసార్లు అద్భుతంగా పనిచేసి కొన్నిసార్లు అసలు పనిచేయకపోవడం, రెండిటికీ అందులో చోటుంది. మూర్ఛవ్యాధి ఉన్నవాళ్లలో డిప్రెషన్, ఆందోళన మామూలు జనంలో కంటే ఎక్కువ. డిప్రెషన్ ఉన్నవాళ్లకు తర్వాత మూర్ఛ వచ్చే అవకాశం కూడా ఎక్కువే. వీడియో ఈఈజీ గదుల్లో చేరినవాళ్లలో సుమారు ఐదో వంతు నుంచి మూడో వంతు దాకా, వస్తున్నవి మూర్ఛ ఫిట్స్ కావని, మానసిక, నాడీ కారణాలు కలిసిన ఫంక్షనల్ ఫిట్స్ అని తేలుతుందని కూడా ఆయన చెప్పారు. అవి నటన కావు, వాటికి వైద్యం ఉంది, ఆ వైద్యం మూర్ఛ మాత్రలు కాదు. నా పక్క గదిలో ఉన్నావిడకు ఆ జవాబే వచ్చింది. తనకు ఏమీ లేదన్నారని ఆవిడ ఏడుస్తుంటే నాకు చాలా బాధ కలిగింది, ఎందుకంటే ఆవిడకు దొరికింది నాకు దొరికినంత పనికొచ్చే జవాబే.

మందు ఎంచుకునే ముందు న్యూరాలజిస్ట్ సైకియాట్రిస్ట్‌తో మాట్లాడారు. లెవెటిరాసెటమ్ బాగా పనిచేసే మందే గాని, కొందరిలో చిరాకు, కోపం, దిగులు పెంచుతుంది కాబట్టి నా చరిత్ర చూసి పక్కన పెట్టారు. పుట్టబోయే బిడ్డకు హాని కలిగించే అవకాశం ఎక్కువ కాబట్టి వాల్‌ప్రోయేట్‌ను వద్దనుకున్నారు. లామోట్రిజిన్ రాశారు. దాన్ని త్వరగా పెంచితే ఒంటి మీద ప్రమాదకరమైన దద్దురు రావచ్చు గనుక వారాల తరబడి కొద్దికొద్దిగా పెంచారు, ఏ చిన్న దద్దురు కనిపించినా వెంటనే రమ్మన్నారు. ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు రక్తంలో లామోట్రిజిన్‌ను తగ్గించేస్తాయి కాబట్టి అవి మొదలుపెట్టేటప్పుడూ, ఆపేటప్పుడూ చెప్పమన్నారు. మామూలు మోతాదులో సెర్ట్రాలిన్ వల్ల ఫిట్స్ పెరుగుతాయన్న భయం అక్కర్లేదని, ఫిట్స్ రేపగల బుప్రోపియాన్, క్లోజపిన్ వంటి మానసిక వైద్యపు మందులు మాత్రం అడగకుండా ఎవరు రాసినా వేసుకోవద్దని అన్నారు. మూర్ఛ మందులతో ఆత్మహత్య ఆలోచనలు రావచ్చని అమెరికా ఔషధ సంస్థ 2008లో చేసిన హెచ్చరిక గురించి నాకే కాకుండా అక్కకు కూడా వివరించారు. రెండు మందులు సరైన మోతాదులో వాడినా ఫిట్స్ ఆగకపోతే ఆపరేషన్ గురించి ఆలోచించాలని, 2001లో ప్రచురించిన ఒక పరిశోధనలో టెంపోరల్ లోబ్ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో 58 శాతం మందికి ఏడాది తర్వాత స్పృహ చెదిరే ఫిట్స్ లేవని, మందులతోనే ఉన్నవాళ్లలో అలాంటివారు 8 శాతమేనని చెప్పారు. నాకు ప్రస్తుతం ఆ అవసరం కనిపించడం లేదు.

ఫిట్స్ అదుపులోకి వచ్చి తగినంత కాలం గడిచేదాకా డ్రైవింగ్ మానేశాను. బాత్‌రూమ్ తలుపుకు గడియ పెట్టుకోను. స్పృహ చెదిరే ఫిట్స్ లామోట్రిజిన్ పూర్తి మోతాదుకు చేరాక రావడం లేదు. పొట్టలో కదలిక, డెజా వూ మాత్రం నెలసరికి ముందు ఎప్పుడైనా ఒకసారి వచ్చి కొన్ని సెకన్లలో పోతున్నాయి. పానిక్ అప్పుడప్పుడు వస్తుంది. అది ఏదో ఇప్పుడు నాకు స్పష్టంగా తెలుసు కాబట్టి, సైకాలజిస్ట్ నేర్పినవి మునుపటి కంటే త్వరగా పనిచేస్తున్నాయి. లామోట్రిజిన్‌ను, మితిమీరిన ఉత్సాహమూ దిగులూ మారిమారి వచ్చే బైపోలార్ జబ్బులో దిగులు మళ్లీ రాకుండా కూడా వాడతారు, అందువల్ల నా మనసు కుదుటపడటంలో ఏ మందు వాటా ఎంతన్నది నా డాక్టర్లిద్దరూ తేల్చి చెప్పలేదు, సెర్ట్రాలిన్‌ను తగ్గించే తొందరా పడలేదు. ఆ కదలిక వచ్చిన మర్నాడు ఒక్కోసారి కారణం లేని దిగులు కమ్ముకుని ఒకటి రెండు రోజుల్లో పోవడం గమనించి, దాన్ని కూడా తేదీలతో రాస్తున్నాను. అది ఫిట్ వెనుక వచ్చే దిగులా, పాత డిప్రెషన్ తిరిగి తలెత్తడమా అన్నది చూసి, లామోట్రిజిన్ పెంచాలా, సెర్ట్రాలిన్‌ను సరిచేయాలా అని వచ్చే సమీక్షలో ఇద్దరూ కలిసి నిర్ణయిస్తామన్నారు.